పర్యాయనామం

ప్రొఫెసర్ గారూ,
పోజ్నాన్‌లో మంచు ఇంకా కరగలేదు.
మీ కుర్చీకి కొత్త గుడ్డ వేయించారు,
దీపం మాత్రం అదే, నలభై వాట్లది.
దాని కింద గరాటులో నాచు ఎండుతుంటే
వేడికి తాళలేక కిందికి, ఇంకా కిందికి దిగి
ఒక్కొక్కటే సారాయిలో రాలిపడుతున్నాయి నల్లులు.
చప్పుడుండదు. ఉన్నా మన చెవికి ఆనదు.

నేను చేరిన రోజు పొడుపుకథ వేశారు గుర్తుందా?
పుట్టినప్పుడు ఆరు కాళ్ళు, పెరిగితే ఎనిమిది,
సాలీడుకి చుట్టం, పురుగుల పంక్తిలో కూర్చోనిది.
నేను విప్పలేకపోయాను.
మీ ఆవిడ క్లెమెంతీనా టీ గ్లాసు నా ముందు పెట్టి
"జవాబు నీ కనురెప్పల మొదట్లోనే కాపురముంది" అని నవ్వింది.
ఆ రాత్రి మూడుసార్లు మొహం కడుక్కున్నాను.

తర్వాత నేర్పారు:
ఊపిరి ఎక్కణ్ణించి తీస్తుందో వెతుకు బొగుమిలా,
వంశం అదే చెబుతుంది.
మూతి దగ్గర రంధ్రాలు:
ఆకు రసం జుర్రే ఎర్రనల్లి,
తడినేల మీద మఖమల్ చుక్కలా నడిచే ఆరుద్ర.
నడుం పక్కన రంధ్రాలు:
తేనెటీగని అంటుకుంటే వదలనిది,
తేనెపిట్ట ముక్కులో టికెట్టు లేకుండా కూర్చుని
పువ్వొచ్చినప్పుడు పరుగున దిగిపోయేది.
రంధ్రాలే లేక ఒళ్ళంతా ఊపిరి చేసుకున్నవి:
గజ్జి పురుగు, జున్ను పురుగు,
పరుపులో మనం రాల్చిన పొట్టు తిని
మనకంటే హాయిగా నిద్రపోయేవి.
ఇక ఊపిరిని దాచుకున్నవి,
నాచులో నల్ల ఆవగింజల్లా దొర్లేవి.
వాటిని "మనవి" అనేవారు మీరు,
మేనకోడళ్ళ సంగతి చెబుతున్నట్టు.

ఇప్పుడు అసలు విషయం.
డొంకతిరుగుడు మీకు గిట్టదు.

పన్నెండో సొరుగులో రెండు గాజు పలకలు.
ఒకటి బ్ర్నో ఊరాయన యాభైతొమ్మిదిలో పంపింది:
విడిచిన పాత చొక్కాలు మూడు
వీపు మీద దొంతరగా మోస్తూ, దుమ్ము కొట్టుకుని.
లాటిన్‌లో అతను పెట్టిన పేరుకి అర్థం 'మురికిది'.
రెండోది మీది, అరవైఒకటి.
నల్లగా, నున్నగా, నూనె రాసినట్టు.
నోటెచ్ ఒడ్డున పైన్ చెట్ల కింద ఆ నాచుని
సూపు గరిటెతో గీకింది క్లెమెంతీనా.
కూలి కింద ఆమె పేరే పెట్టారు.

మొన్న శరదృతువులో మురికివి పదకొండింటిని పెంచాను,
బొగ్గుపొడి కలిపిన సున్నపు గిన్నెలో,
బెరడు మీది పచ్చదనం గోకి తినిపిస్తూ.
ఏడు చచ్చాయి.
ఒకటి కదలడం మానేసింది, తొమ్మిది రోజులు.
పారేద్దామనుకున్న మంగళవారం, నాలుగుంపావుకి,
వీపు చిట్లింది.
బయటికొచ్చింది క్లెమెంతీనా.
ముందు పాలిపోయి, తడిగా, కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక.
రోజులు గడిచేకొద్దీ నల్లబడింది. అచ్చం ఆవిడే.

ముందు పెట్టిన పేరే బతకాలి.
ఈ చట్టం నాకు మీరే నేర్పారు,
ఎవరి పేరో ఎర్రసిరాతో కొట్టేస్తూ, ఈల వేస్తూ.
రెండేళ్ళు, ప్రొఫెసర్ గారూ. రెండే ఏళ్ళు.

చూసింది నేనొక్కదాన్నే.
పక్కనే సింకు.
కుళాయి తిప్పానని కూడా చెప్పేస్తున్నాను.
నీళ్ళు కాసేపు పోయాయి. కట్టేశాను.

ఆదివారం ఆవిడ దగ్గరికి వెళ్ళాను.
తొంభై దాటింది, చెవులు బాగానే పనిచేస్తున్నాయి.
అంతా విని,
"బట్టలు ఉతుక్కోని పిల్ల పెరిగి నేనైందన్నమాట" అంది.
మీ ఫోటో వైపు చూసి,
"ఈయనకి చెప్పకు, పడుకోనివ్వు" అంది.
చెబుతున్నాను, క్షమించాలి.

పేరు పోదు లెండి.
మురికిదాని కింద, కాస్త లోపలికి జరిగి,
వాలు అక్షరాల్లో ఉంటుంది. పర్యాయనామం.

గిన్నెలో అది విడిచిన చొక్కాలున్నాయి, ఇప్పుడు నాలుగు.
పలక మీద పరిచాను, పైన గాజు దించాను.
లేబుల్ ఇంకా రాయలేదు.